ఓడిపోయిన వైద్య నిర్లక్ష్యం కేసు: ఎదుటి లాయర్ మీద చర్య తీసుకోవచ్చా?

డాక్టర్ గారికి నమస్కారం. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ దంపతులది చిన్న ఊళ్లో ఇరవై పడకల నర్సింగ్ హోమ్. మీ దగ్గర కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ చేయించుకున్న ఒకావిడకి రెండేళ్ల తర్వాత మళ్లీ నెల తప్పింది. ఆవిడ తరఫున ఒక లాయరు 40 లక్షలకి వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాడు. నాలుగున్నరేళ్లు తిరిగాక మొన్న కొట్టేశారు, మీకు ఖర్చులు కూడా ఇప్పించలేదు. "డాక్టర్ తప్పు చేస్తే కన్స్యూమర్ కోర్టుకి లాగుతారు కదా, పస లేని కేసు వేసి మా నాలుగున్నరేళ్లు తినేసిన లాయర్ని ఎక్కడికి లాగాలి?" అని అడిగారు.

నేను ఇరవై ఎనిమిదేళ్లుగా ప్లీడర్ని. వైద్య నిర్లక్ష్యం కేసులు రోగుల తరఫునా చేశాను, డాక్టర్ల తరఫునా చేశాను. కాబట్టి రెండు వైపులా చూసి చెబుతున్నాను.

కేసు ఓడిపోయిందన్న ఒక్క కారణంతో ఎదుటి లాయర్ మీద మీరు చేయగలిగింది ఏమీ లేదు. కన్స్యూమర్ కమిషన్ దారి పూర్తిగా మూసుకుపోయింది. బార్ కౌన్సిల్‌కి వెళ్లొచ్చు గానీ, దొంగ కాగితం పుట్టించాడనో, బెదిరించి డబ్బు అడిగాడనో చేతిలో రుజువు ఉంటేనే వెళ్లండి. అది లేకపోతే మీ శక్తిని ఖర్చుల మీద, రాబోయే అప్పీలు మీద పెట్టండి. ఎందుకో చెబుతాను.

1995 నవంబర్ 13న వి.పి. శాంత కేసులో సుప్రీం కోర్టు, డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకి వస్తుందని తేల్చింది. డాక్టర్లు అప్పటి నుంచి ఆ చట్టంలో ఉన్నారు. లాయర్ల సంగతి చాలాకాలం తేలలేదు. 2007లో జాతీయ కమిషన్ లాయర్లు కూడా ఆ చట్టం కిందకి వస్తారంది. 2009లో సుప్రీం కోర్టు దానిమీద స్టే ఇచ్చింది. చివరికి 2024 మే 14న, లాయరు చేసేది వ్యక్తిగత సేవా ఒప్పందం కిందకి వస్తుంది, కాబట్టి వినియోగదారుల చట్టం వర్తించదు అని తీర్పు చెప్పింది. అదే తీర్పులో శాంత కేసును కూడా మళ్లీ చూడాలేమో అని పెద్ద బెంచికి పంపారు. ఆ నవంబర్‌లో ముగ్గురు జడ్జీల బెంచి ఆ అవసరం లేదంది. అంటే ప్రస్తుతానికి మీరు లోపల, మేము బయట.

నేను లాయర్నే అయినా ఈ తేడా నాకు మింగుడు పడలేదు. ఫీజు కట్టిన కక్షిదారుకి తన లాయరు మీద చౌకగా, దగ్గర్లో వెళ్లగలిగే చోటు ఒకటి ఉండాల్సింది. ఇప్పుడతను సివిల్ కోర్టులో దావా వేసుకోవాలి, లేదా బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు రాసుకోవాలి. అయితే ఒకటి గమనించండి. ఆ తీర్పు ఇంకోలా వచ్చినా మీకు పనికొచ్చేది కాదు. ఆ లాయరు మీ దగ్గర ఫీజు తీసుకోలేదు, మీరు అతని వినియోగదారు కాదు.

బార్ కౌన్సిల్ సంగతి కూడా దాదాపు ఇంతే. 1961 అడ్వకేట్స్ చట్టం సెక్షన్ 35 కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి ఎవరైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. క్రమశిక్షణ కమిటీ మందలించవచ్చు, కొంతకాలం సస్పెండ్ చేయవచ్చు, లాయర్ల జాబితా (రోల్స్) నుంచి పేరే తీసేయవచ్చు. ఏడాదిలో తేల్చకపోతే ఫైలు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి వెళ్తుంది. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ 2025 సెప్టెంబర్‌లో సుప్రీం కోర్టు, ఎదుటి పక్షం లాయరు మీద ఇచ్చిన ఇలాంటి ఫిర్యాదునే కొట్టేసింది. ఫిర్యాదుదారుకీ ఆ లాయరుకీ మధ్య వృత్తి సంబంధం మామూలుగా ఉండి తీరాలంది. ఆ ఫిర్యాదును కమిటీకి పంపినందుకు మహారాష్ట్ర, గోవా బార్ కౌన్సిల్‌కే 50,000 రూపాయలు ఖర్చులు వేసింది. కోపంలో ఫిర్యాదు పెట్టేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇంకో గీత సుప్రీం కోర్టు 1980ల్లోనే గీసింది. లాయరు తప్పు సలహా ఇవ్వడం వేరు, తప్పుడు సలహా ఇవ్వడం వేరు అని. తెలియక పొరపడితే అది దుష్ప్రవర్తన కాదు. తెలిసి కక్షిదారుని అక్రమంలోకి దింపితే దుష్ప్రవర్తన.

ఈ మాట వినగానే మీకు ఏదో గుర్తు రావాలి. అవును, మీకు రక్షణగా నిలిచే సూత్రం కూడా ఇదే. 2005 ఆగస్టు 5న జాకబ్ మాథ్యూ తీర్పులో సుప్రీం కోర్టు, ఏ లాయరూ కక్షిదారుతో ఎట్టి పరిస్థితిలోనూ గెలుస్తావని చెప్పడు, ఏ డాక్టరూ ప్రతి రోగికీ పూర్తిగా నయమవుతుందని మాట ఇవ్వడు అని రెండు వృత్తుల్నీ పక్కపక్కన పెట్టి మాట్లాడింది. ఏడేళ్ల తర్వాత, 2012లో, ఆ మాటలే ఒక హైదరాబాద్ లాయర్ని కాపాడాయి. బ్యాంకు ప్యానెల్ అడ్వకేట్ ఆయన. ఇంటి రుణాలకి ఆయన ఇచ్చిన లీగల్ ఒపీనియన్లు తప్పని తేలి, సీబీఐ ఆయన్ని కుట్ర కేసులో ముద్దాయిని చేసింది. కుట్రలో పాలు పంచుకున్నట్టు గట్టి ఆధారం ఉండాలి, ఒపీనియన్ తప్పైనంత మాత్రాన క్రిమినల్ కేసు నిలవదని సుప్రీం కోర్టు చెప్పింది. చెప్పేటప్పుడు ఆధారంగా తీసుకున్న వాటిలో జాకబ్ మాథ్యూ ఒకటి. మీ కోసం కట్టిన గొడుగు కిందే మేమూ తలదాచుకున్నాం. అందుకే ఫలితాన్ని బట్టి లాయర్ని శిక్షించాలని మీరు అడిగితే, రేపు అదే కొలతతో మిమ్మల్నీ కొలుస్తారు.

మరి లాయరు బాధ్యత ఎక్కడ మొదలవ్వాలి? నా అనుభవంలో అది కేసు షీటు చదవడం దగ్గర మొదలవుతుంది. రోగిని చూడకుండా మందు రాసిన డాక్టర్ని మీరేమంటారో, కేసు షీటు చదవకుండా కేసు వేసిన లాయర్ని నేనూ అదే అంటాను. ఇది ఊరికే అనడం లేదు, ఆ పని ఒకసారి నేనే చేశాను.

2001 ప్రాంతం. హెర్నియా ఆపరేషన్‌లో ఒక కుర్రాడు పోయాడు. తల్లిదండ్రులు నా దగ్గరకి వచ్చారు. గడువు రెండేళ్లు, ఇంకో తొమ్మిది రోజులే ఉంది. హాస్పిటల్ లెటర్‌హెడ్ మీద ఎన్ని పేర్లుంటే అన్ని పేర్లూ ఎదుటి పక్షంలో రాసేశాను. అందులో ఒక మత్తు డాక్టరు ఉన్నారు. కేసు షీటు జిరాక్సులు నలభై రెండు పేజీలు, గొలుసుకట్టు ఇంగ్లిషు రాత. పైపైన తిరగేశాను. ఆయన నాలుగేళ్లు ప్రతి వాయిదాకీ వచ్చారు. ఫైలు పాలిథిన్ కవర్లో పెట్టుకుని, నోటీసు బోర్డు కింద బల్ల మీద చివరన కూర్చునేవారు. సాక్ష్యం దశలో మత్తు నోట్స్ పేజీ మార్క్ చేయడానికి తీశాను. కింద సంతకం ఆయనది కాదు. ఆ రాత్రి మత్తు ఇచ్చింది బయట నుంచి పిలిపించిన వేరే డాక్టరు. వెంటనే మెమో వేసి ఆయన పేరు తీసేయించాను. వరండాలో ఆయన దగ్గరకి వెళ్లి క్షమించమని అడిగాను. ఆయన కోప్పడలేదు. "ఆ రాత్రి నేను ఊళ్లోనే లేనని మీ నోటీసుకిచ్చిన జవాబులోనే రాశానండీ, మీరు చదవలేదా?" అని అడిగారు.

చదవలేదు. ఆ జవాబు ఫైల్లోనే ఉంది, టాగ్ కట్టి.

అప్పటి నుంచి నా ఆఫీసులో నియమం ఒకటి పెట్టుకున్నాను. కేసు షీటు మొత్తం గంటల వారీగా తెలుగులో రాసి, సంబంధిత విభాగంలో పని చేసిన డాక్టరు ఒకరికి చూపించి, ఆయన మాట విన్నాకే వకాలత్ మీద సంతకం తీసుకుంటాను. గడువు తక్కువ ఉన్నా సరే, ముందు ఆ పని. 1977లోనే జస్టిస్ కృష్ణయ్యర్ ఒక తీర్పులో, పస లేని దొంగ దావాల్ని లాయరే వడపోసి కాదంటే న్యాయానికి గొప్ప మేలు చేసినట్టని రాశారు. కక్షిదారు అన్యాయపు దారి పడితే ఆపాలని, వినకపోతే కేసు వదులుకోవాలని బార్ కౌన్సిల్ నియమాల్లోనూ ఉంది. నియమం ఉంది, అమలు చేసేవాళ్లే లేరు.

చదవకుండా వేసిన కేసు వల్ల నలిగేది డాక్టరు ఒక్కరే అనుకోకండి. ఒకాయన కూతురు కాన్పు తర్వాత బ్లీడింగ్ ఆగక చనిపోయింది. ఇరవై ఆరేళ్లు. ఫైలు నా దగ్గరకి తెచ్చారు. ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రొఫెసర్‌గా చేసి రిటైరైన గైనకాలజిస్టు ఒకావిడకి చూపించాను. ఆవిడ రెండు రోజులు ఉంచుకున్నారు. ఇంజెక్షన్లు ఏ నిమిషానికి ఇచ్చారు, రక్తం ఎప్పుడు ఎక్కించారు, గర్భసంచి తీసేయాలని ఎప్పుడు నిర్ణయించారు, అన్నీ గీతలు గీసి చూపించి, "నేనున్నా ఇంతకంటే చేసేది లేదండీ" అన్నారు. ఆ మాటే ఆయనకి చెప్పాను. చాలాసేపు కూర్చున్నారు. "అయితే నా బిడ్డ ఎందుకు పోయింది?" అన్నారు. ఆ ప్రశ్నకి జవాబు ఆ హాస్పిటల్లో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. శవాన్ని అప్పగించి బిల్లు కట్టించుకున్నారు, అంతే.

ఆయన ఇంకో లాయరు దగ్గరకి వెళ్లారు. అడ్వాన్సు 60,000, గెలిస్తే ముప్పై శాతం. అయిదేళ్లయ్యాక అప్పీలు వేయొచ్చా అని బొత్తి పట్టుకుని మళ్లీ నా దగ్గరకి వచ్చారు. ఫిర్యాదు చదివాను. తొమ్మిదో పేరాలో "ప్లేట్‌లెట్లు పడిపోతున్నా ఎక్కించలేదు" అని ఉంది. ఆ అమ్మాయికి డెంగీ లేదు, ప్లేట్‌లెట్ల గొడవే లేదు. వేరే కేసులోంచి తెచ్చి అతికించిన పేరా. అయిదేళ్లు అది ఎవరి కంటా పడలేదు. గెలిస్తే వాటా అని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషేధం. ఫిర్యాదు చేసే హక్కు నూటికి నూరుపాళ్లూ ఆయనకి ఉంది, ఎందుకంటే ఆయన ఆ లాయరు కక్షిదారు. రాసిపెడతానన్నాను. "ఇంకో కేసా సారూ" అని బొత్తి సర్దుకుని వెళ్లిపోయారు. బాధ్యత అడగగలిగిన ఒకే ఒక్క మనిషి అప్పటికే అలిసిపోయి ఉంటాడు. ఈ వ్యవస్థలో అసలు చిల్లు ఇక్కడుంది.

ఇలాంటి కేసులు ఇంత సులువుగా ఎందుకు పడతాయో కూడా చెప్పాలి. 2019 చట్టం వచ్చాక ఏ కమిషన్‌లో వేయాలి, ఎంత ఫీజు కట్టాలి అన్నది అడిగే పరిహారం బట్టి కాక, రోగి చెల్లించిన సొమ్ము బట్టి తేలుతుంది. అయిదు లక్షల లోపు చెల్లించి ఉంటే ఫీజు సున్నా. మీ కేసులో ఆవిడ చెల్లించింది 18,000, అడిగింది 40 లక్షలు, కోర్టు ఫీజు ఏమీ లేదు. నిజమైన బాధితుడికి ఇది వరం, దీన్ని తీసేయమని నేను ఎప్పటికీ అనను. కానీ "ఓ రాయి వేసి చూద్దాం" అనుకునేవాడికి కూడా రాయి ఉచితంగానే దొరుకుతోంది. తిరిగొచ్చే దెబ్బా లేదు. 1986 నాటి పాత చట్టంలో పస లేని ఫిర్యాదుకి ఖర్చులు 10,000 దాటకూడదు. సివిల్ కోర్టుల్లో అబద్ధపు దావాకి సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 35-ఏ కింద ఇచ్చే పరిహారం ఇప్పటికీ 3,000 దాటదు. ఒక సర్జన్ ఒక పూట ఓపీ మానేస్తే పోయేది అంతకంటే ఎక్కువ.

దీనికి మందుగా మీలో చాలామంది అడిగేది, డాక్టర్ల కమిటీ సరే అంటేనే కేసు తీసుకోవాలని. 2009లో మార్టిన్ డిసౌజా కేసులో సుప్రీం కోర్టు అలాంటి మాటే అంది. అది సరైన దారి కాదు. మన హైదరాబాద్ కేసే చూడండి. మలేరియా విభాగంలో పని చేసే వి. కిషన్ రావు గారి భార్యకి 2002లో చలిజ్వరం వచ్చింది. ఆసుపత్రిలో టైఫాయిడ్ అని వైద్యం చేశారు, ఆవిడ చనిపోయారు. జిల్లా ఫోరం రెండు లక్షలు ఇప్పించింది. ఎక్స్‌పర్ట్ ఒపీనియన్ లేదని రాష్ట్ర కమిషన్ దాన్ని కొట్టేసింది, జాతీయ కమిషన్ అవునంది. 2010లో సుప్రీం కోర్టు, ప్రతి కేసుకీ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదు, కొన్ని తప్పులు వాటంతట అవే కనిపిస్తాయి అని జిల్లా ఫోరం తీర్పును నిలబెట్టింది. గేటు దగ్గరే డాక్టర్ల కమిటీని కూర్చోబెట్టి ఉంటే ఆయన లోపలికే వచ్చేవారు కాదు. నిపుణుణ్ని అడగాల్సిన బరువు లాయరు మీద ఉండాలి, రోగి నెత్తిన కాదు. ఫిర్యాదుతో పాటు "కేసు షీటు పూర్తిగా చదివాను, ఫలానా కారణాల వల్ల ఇది నిర్లక్ష్యమని నమ్ముతున్నాను" అని లాయరు తన పేరుతో ఒక పేజీ సంతకం చేసి ఇవ్వాలన్న నియమం వస్తే చాలు. తొమ్మిదో పేరాలో ప్లేట్‌లెట్లు అతికించే చెయ్యి అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది. మా బార్ మీటింగుల్లో రెండుసార్లు ఈ మాట ఎత్తాను. ఇంకా ఎత్తుతాను.

మీ కేసుకి వస్తాను. కు.ని. ఆపరేషన్ ఫెయిల్ కావడం ఒక్కటే నిర్లక్ష్యం కాదని 2005లోనే, శివ్‌రామ్ కేసులో, ముగ్గురు జడ్జీల బెంచి చెప్పింది. ఆపరేషన్ చేయడంలో తప్పు జరిగిందనో, నూటికి నూరు శాతం మళ్లీ గర్భం రాదని డాక్టరు మాట ఇచ్చారనో చూపించాలి. పైగా నెల తప్పిందని తెలిశాక బిడ్డని ఉంచుకుంటే, ఆ తర్వాత అవాంఛిత బిడ్డ అని పెంపకం ఖర్చులు అడగడం కుదరదని కూడా అంది. ఈ తీర్పు తెలియకుండా 40 లక్షలకి ఫిర్యాదు రాసిన లాయరుది అజ్ఞానం. తెలిసీ ఆవిడకి చెప్పకుండా రాసి ఉంటే అది తప్పుడు సలహా. కానీ ఆ మాట అడిగే హక్కు మీకంటే ముందు ఆవిడది.

ఇప్పుడు చేయాల్సినవి. మీకు వచ్చిన నోటీసు, ఫిర్యాదు, అందులో పెట్టిన కాగితాలు మళ్లీ చదవండి. ఎక్కడైనా దిద్దిన రిపోర్టు, మీది కాని సంతకం ఉంటే, దొంగ సాక్ష్యం మీద విచారణ కోరుతూ, క్రిమినల్ కేసుల విధానం చెప్పే కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 379 కింద (పాత సీఆర్‌పీసీలో 340) వేసే అర్జీ గురించి మీ లాయరుతో మాట్లాడండి. కేసు ఎత్తేయడానికి ఇంత ఇమ్మని ఫోన్ చేసి ఉంటే ఆ రికార్డు పారేయకండి. బార్ కౌన్సిల్ కూడా పట్టించుకునేది అలాంటివే. ఇవేమీ లేకపోతే లాయర్ని వదిలేయండి.

ఖర్చుల సంగతి మీరు అడిగిన విధానం బట్టి ఉంటుంది. చాలామంది డాక్టర్లు కౌంటరు (ఫిర్యాదుకి రాతపూర్వక జవాబు) చివర్లో "ఖర్చులతో కొట్టేయగలరు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఎన్ని వాయిదాలకి వచ్చారు, ఎన్ని ఓపీలు మానేశారు, లాయరు ఫీజెంత, ప్రయాణమెంత, ఒక పట్టిక అఫిడవిట్‌తో పెడితే కమిషన్ కనీసం చదువుతుంది. నేను అలా పెట్టిన చోట అడిగినంతా రాకపోయినా ఎంతో కొంత వచ్చింది.

ఇది చదివే మిగతా డాక్టర్లకి రెండు మాటలు. లీగల్ నోటీసు వస్తే జవాబు ఇవ్వండి, రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వండి. రికార్డు ఇవ్వకపోవడమే సగం కేసులకి పుట్టుక. కమిషన్ నోటీసు అందాక కౌంటరుకి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. 2020లో రాజ్యాంగ ధర్మాసనం ఆ పైన ఒక్క రోజు కూడా ఇవ్వకూడదంది. ఎంత పస లేని కేసైనా 46వ రోజు మీరు నోరు లేనివాళ్లయిపోతారు. పోలీసు కేసైతే జాకబ్ మాథ్యూ తీర్పు కాపీ దగ్గర పెట్టుకోండి. స్వతంత్ర వైద్య అభిప్రాయం తీసుకోకుండా ముందుకెళ్లకూడదని, మామూలుగా అరెస్టు చేయకూడదని అందులో ఉంది.

చివరిగా మీ అప్పీలు విషయం. ఆర్డరు మీద ఆవిడ రాష్ట్ర కమిషన్‌కి వెళ్లడానికి 45 రోజులుంది. ఖర్చులు ఇవ్వలేదని మీరు వెళ్లాలన్నా అదే గడువు. ఆర్డరు కాపీ వచ్చిన కవరు పారేయకండి, అందిన తేదీ దాని మీద రాసి ఫైల్లో పెట్టండి. ఆవిడ సంతకం చేసిన సమ్మతి పత్రం ఒరిజినల్ కూడా బయటకి తీసి చూడండి. ఆపరేషన్ ఫెయిలయ్యే అవకాశం ఉందన్న వాక్యం అందులో తెలుగులో ఉందా, దాని కింద ఆవిడ సంతకం ఉందా చూసి నాకు రాయండి. దాన్ని బట్టి అప్పీలులో మీ జవాబు ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను.